ఎర్రదీపానికి ఒక మెట్టు కింద

రెండో పాట సగంలో ఉండగా ఆల్బర్ట్ వీధి క్లబ్బులో కరెంటు పోయింది. హాల్లో పోలేదు, వేదిక మీద మాత్రమే పోయింది. విల్ఫ్ చేతిలో గిటారు తీగలు కట్టిన చెక్కముక్కగా మారిపోయింది. డ్రమ్ములకి కరెంటుతో పని లేదు గనక ట్రెవర్ ఇంకో నాలుగు దెబ్బలు వేసి, తనొక్కడే మిగిలాడని తెలిసి ఆగిపోయాడు. నేను బేస్ గిటారు మీద అరచెయ్యి ఆనించి పక్కగోడకేసి చూశాను. దీపాల పెట్టెలో ఎరుపు వెలుగుతోంది.

ఇరుగుపొరుగు ఫిర్యాదులు పడలేక క్లబ్బు కమిటీ ఆ చలికాలంలోనే ఆ పెట్టె పెట్టించింది. కప్పు నుంచి వేలాడే చిన్న మైకు ఒకటి హాల్లో మోత ఎంతుందో వింటూ ఉంటుంది. మామూలుగా ఉంటే ఆకుపచ్చ, పెరిగితే పసుపు. హద్దు దాటితే ఎరుపు, దానితోపాటు వేదికకి కరెంటు బంద్. మళ్ళీ రావాలంటే పెట్టెలో తాళంచెవి తిప్పాలి. ఆ తాళంచెవి కచేరీల సెక్రటరీ ఆగ్డెన్ గారి కోటు జేబులో ఉంటుంది.

ఆగ్డెన్ గారు గ్లాసులో బీరు పూర్తిచేసి, మీసం తుడుచుకుని, నెమ్మదిగా లేచి వచ్చి తిప్పారు. నా బేస్‌కి ఉన్నది ట్రాన్సిస్టర్ పెట్టె, వెంటనే పలికింది. విల్ఫ్ ఆంప్లిఫయర్ పలకలేదు. అది వాల్వులది. పాతకాలం రేడియోలాగే వాల్వులు ఎర్రబడి వేడెక్కితేగాని నోరు విప్పదు. అంతసేపూ హాలు మొత్తం మా మొహాలు చూస్తూ కూర్చుంది.

"ఏంటయ్యా, పొయ్యి మీద ఎసరు పెట్టారా?" అని వెనకబల్ల దగ్గర నుంచి ఎవరో అడిగారు.

"పెట్టాం. నీకు పంచదార ఎన్ని చెంచాలు?" అన్నాడు ట్రెవర్.

జనం నవ్వారు. విల్ఫ్ నవ్వలేదు. వాల్వులకేసే చూస్తూ నిలబడ్డాడు, చంటిబిడ్డ జ్వరం దిగిందా లేదా అని చూసేవాడిలా.

తంబోలా విరామంలో ఆగ్డెన్ గారు మమ్మల్ని మెట్ల పక్కకి పిలిచారు.

"ఏమయ్యా విల్ఫ్, ఇది మొదటిసారి కాదు కదా. నువ్వు బాగా వాయిస్తావని నాకూ తెలుసు. కానీ నా చెవులతో పనేముంది, ఆ పెట్టె చెవులు వేరు. వచ్చే నెల షోకేసు ఉంది. ఆ రోజు ఎర్రదీపం వెలిగిందంటే మాత్రం మీరు దిగిపోవాల్సిందే. మిగతా క్లబ్బుల సెక్రటరీలకి నేను చెప్పక్కర్లేదు, ఎదురుగా కూర్చుని వాళ్ళే చూస్తారు."

"వెలగదు లెండి," అన్నాడు విల్ఫ్.

"ఎలా వెలగదు? ఎవరిదైనా చిన్న పెట్టె అరువు తెచ్చుకో. ఇప్పుడంతా ట్రాన్సిస్టర్లే కదా, చంకలో పెట్టుకుని పోతున్నారు."

"ఇదే తెస్తాను. వెలగదు."

షోకేసంటే మా లోయలో ఏడాదికోసారి ఆదివారం మధ్యాహ్నం జరిగే కొలువు. చుట్టుపక్కల క్లబ్బుల సెక్రటరీలంతా వచ్చి ముందు బల్లల దగ్గర కూర్చుంటారు. పాడేవాళ్ళకీ జోకులు చెప్పేవాళ్ళకీ తలా కాసింత సమయం ఇస్తారు. నచ్చినవాళ్ళకి అక్కడికక్కడే ఏడాది పొడవునా కచేరీలు రాసిస్తారు. నచ్చనివాళ్ళు మళ్ళీ ఏడాదిదాకా ఎదురుచూడాలి.

విల్ఫ్‌కి అంత గడువు లేదు. అతను పనిచేసిన ఉన్ని మిల్లు కొత్త సంవత్సరానికి మూతపడింది. భార్య ఐవీ పెద్దన్నయ్య ఇక్కడికి చాలా దూరం, దక్షిణాన లూటన్‌లో ఉంటాడు. అక్కడ కార్ల ఫ్యాక్టరీలో విల్ఫ్‌కి చోటు చూసిపెట్టి, వస్తారా రారా అని అడుగుతున్నాడు. ఐవీ దెబ్బలాడే మనిషి కాదు. "షోకేసు అయ్యేదాకా ఆగుతాను. ఏడాదికి సరిపడా కచేరీలు దొరికితే ఇక్కడే బతుకుదాం. దొరక్కపోతే సామాను సర్దుతాను, నువ్వు మాట్లాడకూడదు," అంది. అది న్యాయమేనని విల్ఫ్ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక, ఉన్న ఈ నెల రోజుల్లో ఆ ఆంప్లిఫయర్‌ని దారిలో పెట్టాలని కూర్చున్నాడు.

అది ఇరవయ్యేళ్ళ నాటిది. నల్లతొడుగు మూలల్లో చిరిగి చెక్క కనిపిస్తుంది. దాన్నీ, దాని కింద ఉండే నాలుగు స్పీకర్ల పెట్టెనీ మోయాలంటే ఇద్దరు కావాలి. ట్రెవర్ ఎప్పుడూ బరువు వైపు తనే పట్టుకుని, "మాస్టారూ, మీరు తలుపులు తెరవండి చాలు," అనేవాడు. నేను టెక్నికల్ కాలేజీలో పాఠాలు చెప్పేవాడిని, అందుకని ఇద్దరికీ మాస్టారినే. నా నడుము సంగతి ట్రెవర్ ఒక్కసారి కూడా పైకి అనలేదు.

తక్కువ మోతలో ఆ ఆంప్లిఫయర్ శుభ్రంగా, చప్పగా పలుకుతుంది. మొహమాటానికి బదులు చెప్పే చుట్టంలా ఉంటుంది. నాబ్ తిప్పుకుంటూ పోగా పోగా ఒకచోట దాని గొంతులో జీర పుడుతుంది. అక్కణ్ణించి అది మనిషే. తీగని గట్టిగా మీటితే కేక, వేలు మెత్తగా వేస్తే గుసగుస. పట్టి ఉంచిన స్వరం ఆరిపోకుండా నెమ్మదిగా వికసిస్తుంది. ఆ చోటు దొరకాలంటే వాల్వులకి చెమటలు పట్టాలి. వాల్వులకి చెమటలు పడితే క్లబ్బులో ఎర్రదీపం వెలుగుతుంది. ఇదీ చిక్కు.

ఆగ్డెన్ గారి మాట కొట్టేయడం ఎందుకని కాలేజీ సంగీతం గదిలోంచి ఒక ట్రాన్సిస్టర్ పెట్టె తెచ్చిచ్చాను. విల్ఫ్ మర్యాదగా కూర్చుని పాటలన్నీ వాయించాడు. వాయించి, తుడిచి, వైరు చుట్టి నాకు తిరిగిచ్చాడు.

"ఎలా ఉంది?" అన్నాను.

"బాగానే ఉంది మాస్టారూ. హాజరుపట్టీ చదివినట్టుంది. అందరి పేర్లూ వచ్చాయి."

మేం సాధన చేసుకునేది స్టేషను వెనక ఉన్ని గోదాములో. మూతపడిన మిల్లుల సరుకు వేలానికి పోకముందు అక్కడ పడి ఉండేది. కప్పుదాకా ఉన్ని మూటలు, వాటి మధ్య మాకు చిన్న సందు. కాపలా ఉండే ముసలాయన ఆదివారాల్లో మాకోసం తన కిరసనాయిలు హీటరు వదిలి, తను కోటు వేసుకుని గేటు దగ్గర కూర్చునేవాడు. అడిగితే, "నాకు ఉక్కగా ఉంటుందయ్యా," అనేవాడు. ఫిబ్రవరిలో.

మొదటి ఆదివారం విల్ఫ్ వెనకపలక విప్పి నాలుగు పెద్ద వాల్వుల్లో రెండు పీకేశాడు. స్పీకర్‌తో జత కుదరడానికి వెనకున్న చిన్న మీటని ఒక మెట్టు దించాడు. శక్తి సగమైంది గనక మోతా సగమవుతుందని ముగ్గురం అనుకున్నాం.

"ఏదీ, తగ్గిందా?" అన్నాడు విల్ఫ్ వాయించి.

"తగ్గింది బావా," అన్నాడు ట్రెవర్. "ఇందాక మా అత్తగారు వీధి చివర నుంచి అరిచినట్టుండేది. ఇప్పుడు వీధి మధ్యలోకి వచ్చి అరుస్తోంది."

"అయితే పెరిగినట్టు కదరా."

"అదే చెప్తున్నా."

నిజంగా కొంచెమే తగ్గింది. సగం శక్తి అంటే చెవికి సగం మోత కాదని ఆ రోజు అందరికీ తెలిసింది. అయినా జీర కాస్త ముందే పుడుతోంది, అది లాభమే. విల్ఫ్ ఆ రెండు వాల్వుల్నీ మేజోళ్ళలో చుట్టి దాచాడు. తర్వాత నాలుగు స్పీకర్ల పెట్టె పక్కన పెట్టి, ఒకే స్పీకరున్న పాత పెట్టె తెచ్చాడు. దాన్ని గోడవైపు తిప్పి చూశాడు. దుప్పటి కప్పి చూశాడు. దుప్పటి కింద అది నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడినట్టుంది.

"ఇంత శ్రమెందుకు బావా? ఆ పెట్టె మైకుకి ఒక మేజోడు తొడిగేద్దాం. అన్ని బృందాలూ అదే చేస్తాయి."

"ఆగ్డెన్ గారికి తెలీదనుకున్నావా? ప్రతి కచేరీకీ ముందు స్టూలెక్కి చూస్తారు."

"చూడకపోతే?"

"చూడకపోతే గెలిచేది మేజోడు. ఏడాదంతా ప్రతి క్లబ్బుకీ దాన్ని పంపుదామా?"

అలా రెండు వారాలు గడిచాయి. గోదాములో ప్రతిసారీ గొంతు అద్భుతంగా కుదిరేది. గురువారాల్లో నెల్లీ అనే ఆవిడ క్లబ్బు కడిగేది. ముందుగా సరిచూసుకోవడానికి కమిటీ ఒప్పుకోదని విని ఆవిడ, "నేను పొద్దున్నే తలుపు తీసి నేల తుడుస్తుంటాను. లోపలికి ఎవరొచ్చారో చూసేంత తీరిక నాకెక్కడిది," అంది. అలా వెళ్ళి చూస్తే, గోదాములో నాబులు ఎక్కడున్నాయో సరిగ్గా అక్కడే పెట్టినా, మొదటి మీటుకే పసుపు, పాటందుకోగానే ఎరుపు. పైగా అంత మోతలోనూ విల్ఫ్ గిటారు వినబడదు, చెవుల్లో గుచ్చుకుంటుంది అంతే. నెల్లీ తుడుపుకర్ర ఆపి, "నాయనా, బానే ఉంది గానీ పళ్ళు జివ్వుమంటున్నాయి," అంది. ఆ రోజుకి ఆగ్డెన్ గారి తాళంచెవి లేదు గనక, ఎరుపు వెలిగాక ఇంక చేసేదేమీ లేక సామాను మోసుకుని వచ్చేశాం. ఎరుపు ఎందుకు వెలిగిందని సాయంత్రం ఆగ్డెన్ గారు అడిగితే బకెట్టు జారిపడిందని చెప్పిందట నెల్లీ.

షోకేసుకి ముందు ఆదివారం గోదాము తలుపు తీసేసరికి లోపల ఏమీ లేదు. మూటలన్నీ వేలానికి పోయాయి. ఇటుక గోడలు, సిమెంటు నేల, మూల ఊడ్చి పెట్టిన కాస్త ఉన్నిపీచు. హీటరు మాత్రం మా సందు ఉండే చోటనే వెలుగుతోంది.

విల్ఫ్ వాల్వులు వేడెక్కనిచ్చి మొదటి స్వరం మీటాడు. కత్తికి సానపట్టినట్టు కర్రుమంది. చెయ్యి ఆపేశాడు. మళ్ళీ మీటాడు. అదే కరకర. వెనకపలక విప్పి, దాచిన వాల్వులు మార్చి చూశాడు. స్పీకరు అట్ట మీద వేళ్ళతో తడిమి చూశాడు. అతని మొహం పాలిపోయింది.

"పోయింది మాస్టారూ. క్లబ్బులో ఊరికే ఊరికే కరెంటు తీసేయడం వల్లే, లోపలేదో కాలిపోయింది."

ట్రెవర్ తన స్టూలు మీద కూర్చుని చిన్న డ్రమ్మొకటి కొట్టాడు. పక్కనున్న ఇత్తడి తాళాల మీద ఒకటి వేశాడు. తల పక్కకి వంచాడు.

"బావా, నా డ్రమ్ము కూడా కాలిపోయిందా?"

"వెటకారాలొద్దురా."

"వెటకారం కాదు. విను. ఇదీ కరుస్తోంది. దీన్లో వాల్వుల్లేవు కదా."

ఇంకోసారి కొట్టాడు. ఆ చప్పుడు ఎదుటి గోడ దాకా పోయి గాజుముక్కలై తిరిగొచ్చింది. నేను దగ్గి చూశాను. నా దగ్గు కూడా పదునుగానే ఉంది.

విల్ఫ్ ఆంప్లిఫయర్ మీద చెయ్యి పెట్టుకుని, ఖాళీ గోడల్ని ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత నేల మీద కూర్చుండిపోయాడు.

"ఉన్ని," అన్నాడు. "ట్రెబుల్, ఆ సన్నటి పదునంతా ఉన్ని మింగేసింది. చాలట్లేదని నేను పెంచుకుంటూ పోయాను. ఇన్నాళ్ళూ నేను గొంతు కుదిర్చింది గొర్రెల కోసం."

"గొర్రెలకి నచ్చింది కదా బావా, ఒక్కటీ లేచి వెళ్ళలేదు," అన్నాడు ట్రెవర్.

ఆ నెలలో విల్ఫ్ నవ్వడం అదే మొదలు. ఇరవయ్యేళ్ళు మిల్లులో ఉన్ని దువ్విన మనిషి, ఉన్ని చప్పుడు మింగుతుందని తెలియని మనిషి కాదు. తన చుట్టూ ఎప్పుడూ ఉండేదాన్ని లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

నాకు ఇంకో సంగతి తట్టింది. నా భార్య ఎడ్నా బతికున్నప్పుడు మా కచేరీలకి వచ్చి తలుపు దగ్గర బల్ల దగ్గర కూర్చునేది. పాట వినబడకపోతే చెవి మీద చెయ్యి పెట్టేది, గిటారు గుచ్చుకుంటే మొహం చిట్లించేది. విల్ఫ్ ఆవిణ్ణి చూసి నాబులు సర్దుకునేవాడు. ఎడ్నా పోయిన తర్వాత ఆ బల్ల దగ్గర మా తరఫున వినేవాళ్ళెవరూ లేరు. ఆ మాట విల్ఫ్‌కి చెప్పాను.

"అవును మాస్టారూ. వేదిక మీద నాకేం వినబడుతుంది? స్పీకరు నా మోకాళ్ళకి పాడుతుంది. చెవులు పైనుంటాయి."

లేచి, స్పీకరు ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుని, దాని నోటికి చెవి సమంగా పెట్టి ఒక్క స్వరం మీటాడు. ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"పాపం ముందు వరసవాళ్ళు," అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలు పని. ఉన్న వైర్లన్నీ ముడేసి పొడుగు చేసి, విల్ఫ్ గిటారుతో గోదాము అవతలి తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను ఆంప్లిఫయర్ దగ్గర. అతను చెయ్యి ఆడిస్తే నేను నాబ్ తిప్పాలి. ట్రెబుల్ దించమన్నాడు, ఇంకా దించమన్నాడు. లావు గొంతుని అదుపు చేసే బేస్ నాబ్ సగానికి పైగా తగ్గింది. ఒంటరిగా విన్నప్పుడు ఆ లోతు లేకపోవడం వెలితిగా ఉంది. ట్రెవరూ నేనూ కలిసి వాయిస్తే మాత్రం ఆ వెలితిలో నా బేస్ సరిగ్గా కూర్చుంది. అంతకుముందు విల్ఫ్ గిటారూ నా బేసూ ఒకే కుర్చీ కోసం తోసుకుంటున్నాయన్నమాట. ట్రెబుల్, బేస్ నాబుల మధ్యనుండే మిడిల్ నాబ్ విల్ఫ్ ఎప్పుడూ ముట్టుకోనిది. దాన్ని పెంచుతూ పోతే ఒకచోట గిటారు డ్రమ్ముల మధ్యలోంచి లేచి నిలబడింది, మోత పెరగకుండానే. గుంపులో అరిచేవాణ్ణి కాదు, పేరుపెట్టి పిలిచినవాణ్ణి విన్నట్టు.

ఆంప్లిఫయర్ నాబ్‌ని జీర పుట్టే చోట ఉంచి, విల్ఫ్ గిటారు మీది చిన్న నాబ్‌తోనే హెచ్చుతగ్గులు చూసుకోవడం మొదలుపెట్టాడు. పాటలో మాటలొచ్చే చోట తగ్గించడం, గిటారు వంతు రాగానే చిటికెనవేలితో పెంచడం. ట్రెవర్ చేతికి సన్నకర్రలు ఇచ్చాడు.

"ఇవేంటి బావా, ఊదొత్తులా? మా అమ్మ కూడా దీనికంటే గట్టిగా కొడుతుంది."

"మీ అమ్మని పిలవనా మరి?"

"వద్దులే, వాయిస్తా."

హీటరులో నూనె అయిపోయేదాకా వాయించాం. అయిపోయాక కూడా విల్ఫ్ ఆపలేదు.

షోకేసు నాడు పొద్దున్నుంచీ వాన. మేం వెళ్ళేసరికి క్లబ్బులో బాయిలరు పనిచేయడం లేదు. వచ్చినవాళ్ళంతా తడిసిన ఉన్నికోట్లు విప్పకుండానే కూర్చున్నారు. హాలు నిండా ఆవిరి, బీరు వాసన, నెల్లీ వంటగదిలో ఉడుకుతున్న బఠాణీల వాసన. ముందు బల్లల దగ్గర సెక్రటరీలు. ఆగ్డెన్ గారు మాత్రం వాళ్ళ మధ్య కూర్చోలేదు. దీపాల పెట్టె ఎదురుగా కుర్చీ వేయించుకున్నారు. ఐవీ వెనక, తలుపు దగ్గర నిలబడి ఉంది. క్లబ్బుల్లోకి ఆవిడ రావడం నేను చూడలేదు అంతకుముందు.

మా ముందు ఒక హాస్యగాడు దిగిపోయాడు, అతనికి నవ్వినవాళ్ళు తక్కువ. తంబోలా ఒకటి నడిచింది. అది నడుస్తుండగా మా ఊళ్ళో ఊపిరి కూడా గట్టిగా పీల్చరు. ఆ నిశ్శబ్దంలో విల్ఫ్ స్విచ్చి వేసి, వాల్వులు ఎర్రబడుతుంటే వాటి పక్కన గొంతుక్కూచుని హాలునే చూస్తున్నాడు.

"మాస్టారూ, కోట్లు," అన్నాడు నెమ్మదిగా.

"చూశాను."

"మళ్ళీ గొర్రెలొచ్చాయి."

మొదటి పాట ఆకుపచ్చలోనే సాగింది. కానీ గిటారు మూటగట్టినట్టు, దూరంగా ఉంది. ముందు బల్ల దగ్గర ఒక సెక్రటరీ పక్కవాడితో మాట్లాడుతున్నాడు. పూర్వపు విల్ఫ్ అయితే అక్కడే వాల్యూమ్ తిప్పేసేవాడు. ఇప్పుడు రెండో చరణం అవగానే నాకు సైగ చేసి, ఆ పొడుగు వైరుతో వాయిస్తూనే వేదిక మెట్లు దిగాడు. బల్లల మధ్యలోంచి, తడి గొడుగులు దాటుకుంటూ, తలుపు దగ్గర ఐవీ నిలబడ్డ చోటుదాకా పోయాడు. అక్కడ ఆగి, తల వంచి, తన గిటారు తనే విన్నాడు. ఐవీ ఏదో అంది. అతను తలూపి తిరిగొచ్చాడు. ఇదంతా ఆటలో భాగమనుకుని జనం ముచ్చటపడ్డారు. ట్రెబుల్ నాబ్ గోరంత పెంచాడు. అంతే. వాల్యూమ్ జోలికి పోలేదు.

తెర తొలగినట్టయింది. మాట్లాడుతున్న సెక్రటరీ మాట ఆపేశాడు.

చివరి పాట నెమ్మదిది. చరణాలప్పుడు గిటారు గుసగుసగా ఉంది. గిటారు వంతు వచ్చాక విల్ఫ్ చిటికెనవేలు కదిలింది, గొంతులో జీర లేచింది. పసుపు వెలిగింది. ఆగ్డెన్ గారు కుర్చీలో ముందుకి వంగారు. విల్ఫ్ దీపాలకేసి చూడలేదు. పై స్వరం ఒకటి పట్టుకుని వేలు ఒణికిస్తూ ఉంచేశాడు. అది తగ్గాల్సిన చోట తగ్గకుండా, లోపల్నుంచి వెలిగినట్టు ఇంకా పూసింది. నేను బేస్ దాదాపు ఆపేశాను, ట్రెవర్ సన్నకర్రలు తాళం అంచున ఆడుతున్నాయి. పసుపు అలాగే నిలిచింది, వణక్కుండా. ఒక మెట్టు కింద. విల్ఫ్ ఆ స్వరాన్ని అక్కడే, అంతే ఎత్తున, ఊపిరి ఆపినవాడిలా పట్టుకుని, చివరికి నెమ్మదిగా దించి, పాట ముగించి, తీగల మీద చెయ్యి వేశాడు.

హాలు లేచింది. చప్పట్లు, బల్లల మీద గ్లాసుల దెబ్బలు, ఈలలు. ఆ మోతకి ఎర్రదీపం వెలిగి వేదిక మీద కరెంటు పోయింది.

చప్పట్లు తడబడి ఆగాయి. అందరూ పెట్టెకేసి, తర్వాత ఆగ్డెన్ గారికేసి చూశారు. ఆయన లేచి నిలబడ్డారు. తాళంచెవి తీశారు, తిప్పలేదు.

"ఎర్రదీపం వెలిగింది," అన్నారు.

"వెలిగింది సెక్రటరీ గారూ," అన్నాడు ట్రెవర్. "దించేయండి మరి. కానీ ఇంతమందిని ఎక్కడికి దించుతారు? బయట వాన."

ఆగ్డెన్ గారి మీసం కదిలింది. హాలువైపు తిరిగారు.

"క్లబ్బు పద్ధతి అందరికీ ఒకటే. మీరు హద్దు దాటారు," అన్నారు సభ్యులతో. "ఇంకోసారి ఇలా చేస్తే ఒక్కొక్కర్నీ బయటికి పంపిస్తాను." ఆ తర్వాత విల్ఫ్‌కేసి తిరిగి, తగ్గు గొంతుతో, "పసుపు ఎంతసేపుందో చూశాను. ఎరుపుకి నువ్వు కారణం కాదు," అని తాళంచెవి తిప్పారు.

మేం సామాను దించేలోపే సెక్రటరీలు విల్ఫ్ చుట్టూ చేరారు. వేసవికి ఒకరు, నవంబరుకి ఇద్దరు, నెలకో శనివారం అని ఇంకొకరు. పైలోయ నుంచి వచ్చిన లమ్ గారు అందరికంటే ఆఖర్న వచ్చారు.

"మాది చిన్న హాలయ్యా, కప్పు కిందికుంటుంది. అక్కడ కూడా ఇలాగే పలికించగలవా?"

"హాలు చూడకుండా చెప్పలేను. బుధవారం వస్తాను," అన్నాడు విల్ఫ్. "గోడలకి పలకలున్నాయా, చెక్కా? మీ ఊరివాళ్ళు కోట్లు విప్పుతారా?"

లమ్ గారు ఇలాంటి ప్రశ్న జన్మలో వినలేదు. ఆలోచించి, "ఆడవాళ్ళు విప్పుతారు," అన్నారు.

నెల్లీ నాకోసం పళ్ళెంలో మాంసం కూరి కాల్చిన రొట్టె, బఠాణీలు వేసి, అడక్కుండానే ఇంకో గరిటె వేసింది. దాన్ని పట్టుకుని చోటు వెతుక్కుంటుంటే ఐవీ జనంలోంచి దారి చేసుకుని వచ్చింది. కళ్ళు తుడుచుకుంది గానీ నవ్వు దాచుకోలేదు.

"మాస్టారూ, ఫోనుకి చిల్లరుందా మీ దగ్గర? లూటన్ మా అన్నయ్యతో మాట్లాడాలి."

పళ్ళెం కిటికీ గట్టు మీద పెట్టి, జేబులో ఉన్నదంతా ఆవిడ చేతిలో పోశాను.